మొదటి పేజీ మనిషి

పిన్నీ,

ముందు కూర్చో. నిలబడి చదివే ఉత్తరం కాదిది. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి రా. ఫోను చేద్దామని నాలుగుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నీ గొంతు వింటే చెప్పాల్సింది మింగేసి, ‘తిన్నావా, మోకాలి నొప్పి ఎలా ఉంది’ అని అడిగి పెట్టేస్తానని నాకు తెలుసు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నేను చేసే ఉద్యోగమేమిటో నీకు ఎన్నిసార్లు చెప్పినా, ఇరుగుపొరుగు అడిగితే నువ్వు చెప్పేది ఒకటే: ‘మా పిచిక ప్రభుత్వానికి బుద్ధి చెప్పే ఆఫీసులో పనిచేస్తుంది.’ ఈ మాట మా డైరెక్టరుగారికి చెబితే పడీ పడీ నవ్వి, మన బోర్డు మీద రాసుకున్నదానికంటే ఇదే నయం అన్నారు. బోర్డు మీద ‘ప్రజా విధానాల అధ్యయన సంస్థ’ అని ఉంటుంది. కళ్లజోళ్ల దుకాణం పైన మూడు గదులు, పదకొండు మంది మనుషులు, రోజూ కాగితం నమిలే ఒక ప్రింటరు. పనిచేసేవాళ్ల కష్టాన్ని అంకెల్లోకి, అంకెల్ని రిపోర్టులోకి, రిపోర్టుని చట్టంలోకి ఎక్కించడం మా పని. మొదటి రెండూ మా చేతుల్లో ఉంటాయి. మూడోదానికోసం చట్టసభ సభ్యుల గదుల బయట బెంచీల మీద కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కించుకుంటాం.

ఈ రెండేళ్లూ నేను తయారుచేసిన రిపోర్టు సెలవు గురించి. ఇంట్లో మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఉద్యోగం ఊడుతుందన్న భయం లేకుండా పక్కన కూర్చునే హక్కు ఎవరికైనా ఉండాలన్నది అందులో మా వాదన. ఎంతమంది సెలవు అడిగారు, ఎంతమందిని పొమ్మన్నారు, నూట నలభై పేజీల నిండా పట్టికలే. ఆ పట్టికలు ఎవరూ చదవరని మాకూ తెలుసు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి రిపోర్టుకూ మొదటి పేజీలో ఒక్క మనిషి కథ వేస్తాం. ఆ మనిషి నిజంగా ఉండాలి, కానీ ఎవరో తెలియకూడదు. మూడు సంగతులు మార్చేసి, ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుతాం. పేజీకి ప్రాణం ఆ ఒక్కదాంట్లోనే ఉంటుందని డైరెక్టరుగారు అంటారు. కొత్తగా చేరినవాళ్లకి ఆయన నేర్పే మొదటి పాఠమది.

నా మొదటి పేజీ మనిషివి నువ్వే పిన్నీ.

పోయిన ఏడు నీ దగ్గరికొచ్చి ఆసుపత్రి లాండ్రీలో పని గంటలెన్ని, సెలవులెన్ని అని రాసుకున్నాను కదా. నోటుబుక్కు మూసి సంచీలో పెట్టేసుకున్నాక నువ్వు బాబాయి పోయిన రోజు సంగతి చెప్పావు. ఆ పొద్దున ఆయన నీ చెయ్యి పట్టుకుని ఈ ఒక్కరోజూ వెళ్లొద్దన్నాడని. నువ్వు లాండ్రీకి వెళ్లి సగం రోజు సెలవడిగితే సూపర్‌వైజరు కుదరదన్నాడని. షిఫ్టు ముగిసి వచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, మంచం అంచున గోడకి చేరగిలబడి పోయి ఉన్నాడని. తమ్ముడికి మాత్రం ‘మీ నాన్న నా ఒళ్లో తల పెట్టుకుని హాయిగా పోయాడు’ అని చెప్పావని. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలన్నావు. నేను తల ఊపాను. ఊపిన తలతోనే ఇంటికొచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా కూర్చుని మొత్తం రాసేశాను.

నీ వయసు మార్చాను. లాండ్రీని వంటశాల చేశాను. కొడుకుని కూతుర్ని చేశాను. బూట్లు మాత్రం ఉంచాను. అవి తీసేస్తే పేజీ చప్పగా ఉంది పిన్నీ. నన్ను ఒక్కమాట అడగొచ్చుగదా అంటావు. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీ దగ్గర తీసుకోవడానికి ఎప్పుడూ అనుమతి అడిగిందాన్ని కాదు, ఇదీ అలాగే తీసేసుకున్నాను.

ఆ పేజీని చట్టసభలో ఒక సభ్యుడు నిలబడి చదివాడు. ఎప్పుడూ కబుర్లు చెప్పుకునే వెనక వరసలు కూడా నోళ్లు మూసుకున్నాయి. మర్నాడు పేపర్లలో ఉన్నదున్నట్టు వేశారు. ఆఫీసులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను బాత్రూములోకి వెళ్లి, చప్పట్లు ఆగేదాకా ముఖం కడుక్కుంటూనే ఉన్నాను.

నిన్న తమ్ముడు వచ్చాడు. బస్సుల షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు అలాగే ఉంది. పేపరు నా బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు.

‘‘అక్కా, ఈ బూట్లు ఎవరివి?’’

నేను పేపరు మడవబోతే చేత్తో నొక్కి పట్టాడు.

‘‘నాన్న బూట్లు విప్పింది నేనే. లేసు ముడి రాకపోతే కత్తెరతో కోశాను. ఒళ్లో తల పెట్టుకుని పోయిన మనిషికి బూట్లెందుకున్నాయమ్మా అని అడిగితే, చలేస్తోందంటే తొడిగానంది. నమ్మాను. ఇప్పుడు చెప్పు, అబద్ధం ఆడింది అమ్మా, నువ్వా?’’

పేపరు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. వాడు నీ దగ్గరికే వచ్చుంటాడు. ఏమన్నాడో, నువ్వేం చెప్పావో.

ఇంకో సంగతి కూడా ఉంది. సెలవు చట్టం గిట్టని సభ్యులు ఊరుకోలేదు. ఆ వంటశాల మనిషిని చూపించండి, లేదంటే కట్టుకథ అని ఒప్పుకోండి అని పట్టుబట్టారు. వచ్చే గురువారం కమిటీ ముందుకు రమ్మన్నారు. ‘‘ఆవిడ్ని ఎలాగోలా ఒప్పించి తీసుకురా’’ అన్నారు డైరెక్టరుగారు. ఆవిడ మా పిన్ని అని ఆయనకి ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తే చట్టం నిలబడుతుంది. రానంటే రావద్దు, నిన్ను బలవంతపెట్టే నోరు నాకిక లేదు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి రాయి. ఊరుకోకు.

నీకు ముఖం చూపించలేని,
పిచిక


పిన్నీ,

నువ్వు జవాబు రాయలేదు. ఆదివారం వచ్చాను. తమ్ముడు తలుపు సగమే తీసి ‘‘అమ్మ పడుకుంది’’ అన్నాడు. వాడి వెనక వంటింట్లో కుళాయి చప్పుడు, గిన్నెలు తోముతున్న చప్పుడు. పడుకున్నవాళ్లు గిన్నెలు తోమరు కదా. సరే అని మెట్లు దిగి వచ్చేశాను. చిన్నప్పుడు అలిగి ఆ మెట్ల మీద కూర్చుంటే నువ్వొచ్చి రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లేదానివి. ఈసారి కూర్చోలేదు, సిగ్గేసింది.

బుధవారం డైరెక్టరుగారికి నిజం చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన రాక్షసుడైతే నాకు సులువయ్యేది పిన్నీ. పాతికేళ్లుగా ఒకే కోటు వేసుకుని తిరిగే మనిషి. ఇలాంటి చట్టాలు మూడు తన చేతుల మీదుగా పుట్టడం చూసి, ముప్పై చావడం చూసినవాడు.

‘‘మీ పిన్నిగారి బాధ నాకర్థమైందమ్మా. నిన్ను బలవంతపెట్టను. కానీ రేపు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఈ చట్టం మళ్లీ పదేళ్లకి గానీ లేవదు. ఆ పదేళ్లలో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది ఒంటరిగా పోతారో లెక్క వేసింది నువ్వే. ఆ పట్టిక ఎన్నో పేజీలో ఉంది?’’

‘‘ఎనభై ఏడండి.’’

‘‘ఊఁ. ఇంటికెళ్లి ఆలోచించుకో.’’

ఆలోచించుకున్నాను. నువ్వు రావన్నది ఖాయం. కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్లు వదలరు, పేపరువాళ్లు తవ్వుతారు, తవ్వితే నీ గుమ్మం ముందు తేలతారు. తమ్ముడు ముందే సగం తెలుసుకున్నాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే కనపడింది.

కమిటీ గది మనం అనుకున్నంత పెద్దదేం కాదు. పొడుగాటి బల్ల, నీళ్ల గ్లాసులు, ఒక మూల టకటకా కొట్టుకుపోయే టైపు అమ్మాయి. నన్ను అడిగిన సభ్యుడికి బట్టల మిల్లు ఉంది. చాలా మర్యాదగా మాట్లాడాడు.

‘‘ఈ మొదటి పేజీలో ఉన్నావిడ ఎక్కడుందమ్మా?’’

‘‘లేదండి. ఆమెను నేనే కల్పించాను.’’

టైపు చప్పుడు ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కన డైరెక్టరుగారు కదలకుండా బల్లకేసి చూస్తున్నారు.

‘‘మరి మిగతా నూట ముప్పై తొమ్మిది పేజీలూ?’’

‘‘అవన్నీ నిజమండి. ప్రతి అంకెకీ కాగితాలున్నాయి.’’

‘‘మొదటి పేజీ రాసిన చెయ్యే కదమ్మా అవీ రాసింది?’’

దీనికి జవాబు నేను సిద్ధం చేసుకోలేదు. అంత తెలివితక్కువదాన్ని. మొదటి పేజీ ఒక్కటీ చించేస్తే మిగతా పుస్తకం మిగులుతుందనుకున్నాను. అధ్యక్షుడు ఫైలు మూసి, ఈ చట్టం విషయం ఇప్పటికి పక్కన పెడుతున్నామన్నాడు. అంతే, ఇరవై నిమిషాల పని. అందరూ కుర్చీలు జరుపుకుని టీకి వెళ్లిపోయారు.

సాయంత్రానికి రిపోర్టుని వెనక్కి తీసుకుంటున్నట్టు మా సంస్థ ప్రకటన ఇచ్చింది. మిగిలిన ప్రతులు పురికొసతో కట్టి నడవాలో పేర్చారు, అందరూ వాటిని దాటుకుంటూ బాత్రూముకి వెళ్లొస్తున్నారు. నాతోపాటు రెండేళ్లు ఊళ్లు తిరిగి లెక్కలు తెచ్చిన కుర్రాళ్లు నావంక చూడలేదు. నా రాజీనామా కాగితం డైరెక్టరుగారు చదవకుండానే సొరుగులో పెట్టుకున్నారు. ‘‘గొడుగు మర్చిపోయావు’’ అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అయినా పిన్నీ, ఒక్కటి సరిగ్గా చేశాననే అనుకుంటున్నాను. నీ గుమ్మం తొక్కడానికి ఇక ఎవరికీ కారణం లేదు. తమ్ముడికి చెప్పు, పేపరులో కూడా వచ్చింది చూపించు, అక్క బుద్ధి గడ్డితిని అంతా అల్లి రాసిందని. వాళ్ల నాన్న నీ ఒళ్లోనే పోయాడని చెప్పు. ఇప్పుడు ప్రభుత్వ రికార్డు ప్రకారం కూడా అదే నిజం.

చట్టం పోయింది, సంస్థ పరువు పోయింది, ఉద్యోగం పోయింది. నిన్ను మాత్రం పోగొట్టుకోలేను. కోపం తగ్గాక ఒక్క ముక్క రాయి.

నీ
పిచిక


పిచికమ్మా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. నువ్వు వచ్చిన ఆదివారం మేలుకునే ఉన్నాను. తమ్ముణ్ణి ఏమీ అనుకోకు, అలా చెప్పమన్నది నేనే. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. చూశావుగా, గిన్నెలు తోముతోందని చెప్పినా సరిపోయేది.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. అడక్కుండా రాసినందుకు చెంప పగలగొట్టాలనిపించింది. కానీ చెయ్యి ఎత్తే మొహం నాకు లేదు. ఎందుకో చెప్తాను. రాయడానికి ఇన్నాళ్లు పట్టింది కూడా అందుకే.

ఆ రోజు నాకు సెలవిచ్చారు.

అప్పటి సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. పొద్దున్నే నా ముఖం చూసి ఆయనే అడిగాడు. ‘‘ఇంటికెళ్లిపో అమ్మా, మీవారి దగ్గర కూర్చో. నీ బల్ల ఎవరికైనా అప్పజెబుతాలే’’ అన్నాడు. ఈ ట్రాలీ అవగానే వెళ్తానండీ అన్నాను. ఆ ట్రాలీ అయిపోయింది. ఇంకోటి లాక్కున్నాను. మధ్యాహ్నం మళ్లీ వచ్చి ‘‘ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా?’’ అని విసుక్కున్నాడు కూడా. షిఫ్టు అయ్యేదాకా దుప్పట్లు ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను.

మీ బాబాయి ఊపిరి తీసుకునే చప్పుడు వినలేకపోయానే. మూడు నెలలు విన్నాను. తింటున్నా అదే, నిద్రలోనూ అదే. లాండ్రీలో యంత్రాల మోతకి పక్క మనిషి అరిచినా వినపడదు. ఆ రోజు నాకు ఆ మోత కావాల్సొచ్చింది. వెళ్లొద్దని ఆయన చెయ్యి పట్టుకున్న మాట నిజం. విడిపించుకుని వెళ్లిన మాటా నిజం. సెలవు దొరకలేదన్నదొక్కటే అబద్ధం. అది నాకు నేను చెప్పుకుని చెప్పుకుని, నీకు చెప్పేనాటికి నోరు తడబడకుండా వచ్చేసింది. పాపం ఆ పెద్దమనిషి రిటైరై ఇంట్లో కూర్చుని ఉంటాడు. ఆయన్ని నేను రాయిలాంటివాణ్ణి చేశాను, నువ్వు దాన్ని పేపరుకెక్కించావు.

కమిటీలో అబద్ధమాడి నన్ను కాపాడానని అనుకుంటున్నావు. నువ్వు చెప్పింది నిజమేనే. సెలవు దొరక్క మొగుణ్ణి ఒంటరిగా పోగొట్టుకున్న ఆవిడ మా ఇంట్లో లేదు.

తమ్ముడికి అంతా చెప్పేశాను. నువ్వు చెప్పమన్నది కాదు, జరిగింది. విని బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. రోజూ పనికి వెళ్తున్నాడు, వస్తున్నాడు, ఒకే బల్ల దగ్గర తింటున్నాం. నావంక చూడటం లేదు. చూసేదాకా ఉంటాను, ఎక్కడికి పోతాను?

ఇంతవరకే అయితే, ఏడ్చి ఊరుకునేదాన్ని, ఉత్తరం రాసేదాన్ని కాదు. మా పక్క బల్ల పొడుగమ్మాయి గురించి రాయాలి.

అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమెకి అయిదేళ్ల కూతురు ఉండేది. నెమ్ము చేసి జ్వరమొస్తే మా ఆసుపత్రిలోనే నాలుగో అంతస్తులో పెట్టారు. లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది, నీకు తెలుసు. అప్పటికి సూపర్‌వైజరు మారాడు, ఇప్పుడున్నవాడు వచ్చాడు. మూడు రోజులు సెలవడిగింది, లేదన్నాడు. ‘‘నాలుగు అంతస్తులే కదా సార్, అరగంటలో చూసొస్తాను’’ అంది. మధ్యలో బల్ల వదిలితే మళ్లీ రానక్కర్లేదన్నాడు. మొగుడు లేని మనిషి, ఆ పని పోతే పిల్లకి మందెక్కడిది? ఆగిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం పైనుంచి దిగిన మైల దుప్పట్ల ట్రాలీలో, ఆమె ఇంటి నుంచి తెచ్చి పిల్లకి కప్పిన పచ్చ శాలువా కనపడింది. పైనున్నవాళ్లు చూసుకోకుండా అన్నిటితోపాటు పడేశారు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని నావంక చూసింది. ఎవరూ వచ్చి చెప్పకముందే ఆమెకి తెలిసిపోయింది.

నువ్వు నోటుబుక్కు పట్టుకుని వచ్చిన రోజు ఆమెను మా ఇంటికి పిలిచింది నేనే. నా కథ కోసం నువ్వు వస్తున్నావని అనుకోలేదు. ఆమె చెప్పుకుంటే గుండె బరువు కాస్త దిగుతుంది, నువ్వు రాసుకుంటావు అనుకున్నాను. కిటికీ దగ్గర కూర్చుంది. నువ్వు ‘‘కొంచెం అటు జరుగుతారా, వెలుతురు పడటం లేదు’’ అన్నావు. జరిగింది. ఏం చేస్తుంటారని కూడా అడగలేదు నువ్వు. నన్ను గంటలెన్ని, సెలవులెన్ని అని అడుగుతూ పోయావు. కాసేపు కూర్చుని, పనుందని లేచి వెళ్లిపోయింది. ఆమె కథ ఆమె నోటి నుంచి రావాలి గానీ నేనెలా చెప్తాను? నువ్వేమో సంచీ సర్దుకుంటున్నావు, ముఖం వాడిపోయి ఉంది. ఉత్తచేతులతో పంపలేక నాది చెప్పాను. అదీ చెడగొట్టి చెప్పాను.

నువ్వు కమిటీలో చెప్పిన మాట పేపరులో వచ్చిందిగా, దాన్ని మా సూపర్‌వైజరు కత్తిరించి హాజరు వేసే చోట గోడకి అంటించాడు. ‘సెలవు కథ కట్టుకథే: రాసినావిడే ఒప్పుకుంది.’ పొద్దున వేలిముద్ర వేసేటప్పుడు అందరి కళ్ల ముందూ అదే. ఎవరైనా సెలవని నోరు తెరిస్తే దాన్ని వేలితో చూపిస్తున్నాడు.

పెద్ద దుప్పట్లు ఒక్కరు మడత పెట్టలేరు. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి కలుపుతాం. నిన్న నేనూ పొడుగమ్మాయీ మడతపెడుతున్నాం. దగ్గరికొచ్చి తన కొస నా చేతిలో పెట్టి, నా చెవి దగ్గర వంగి అడిగింది:

‘‘అక్కా, అలా ఎవరికీ జరగలేదని మీ పిల్లే చెప్పిందట కదా. మరి నా కూతురు ఎలా పోయింది?’’

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

ఆదివారం పదింటికి ఆమెను తీసుకుని నీ గదికి వస్తున్నాను. సంస్థ లేదు, ఉద్యోగం లేదు, ఇప్పుడు రాసి ఏం లాభం అని నాకు చెప్పకు. తను అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పు.

మీ పిన్ని